మురీనీ సైజు: ప్యాకెట్ మీద రాయని కొలత గురించే నా గొడవంతా

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ మూడు మురీనీ ప్యాకెట్లూ, అంటే మంట మీద చేసే గాజు పూసల్లో అతికించే పువ్వు బొమ్మల గాజు ముక్కలు, డబ్బు పెట్టి కొన్నవి కావు. రివ్యూ కోసం షాపువాళ్లు ఊరికే పంపారు. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోలేదు, అప్‌లోడ్ చేసే ముందు వీడియో వాళ్లకి చూపించనూ లేదు. ప్యాకెట్ల మీద పేరు కనపడకుండా టేప్ వేశాను, చూస్తున్నారుగా. ఎందుకు వేశానో పెద్ద సైజు ప్యాకెట్ దగ్గరికి వచ్చేసరికి మీకే తెలిసిపోతుంది.

ఎన్ని డిజైన్లు, ఎన్ని గ్రాములు, ఏ రంగులు, ఇవన్నీ సైట్‌లో చూసే ఉంటారు, మళ్లీ చదవను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇవి సీఓఈ 104 (వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే నంబర్), అంటే ఇటలీలోని మురానోకి చెందిన ఎఫెత్రే కంపెనీ గాజుతో కలిసే రకం. మీ పూస 104 అయితే మురీనీ కూడా 104 అయి తీరాలి. 90, 96 అని రాసి ఉండేవి ఫ్యూజింగ్ చేసేవాళ్ల కోసం, అంటే గాజు ముక్కల్ని కొలిమిలో పెట్టి అతికించేవాళ్ల కోసం. వాటిని తెచ్చి ఇందులో పెడితే మంట మీద ఏ తేడా తెలీదు. చల్లారేటప్పుడో, చల్లారిన కొన్నాళ్లకో మురీనా చుట్టూ పగులు తీస్తుంది. అసలు నంబరే లేని ప్యాకెట్ ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి.

కొత్తగా చూస్తున్నవాళ్లకి రెండు ముక్కలు. బెండకాయని అడ్డంగా తరిగితే ప్రతి చక్రంలోనూ అదే పువ్వు వస్తుంది కదా, మురీనీ అంటే గాజు బెండకాయ చక్రాలే. రంగు గాజుల్ని పొరలుగా పేర్చి, కరిగించి, సన్నటి కడ్డీగా లాగుతారు. ఎంత లాగినా లోపలి బొమ్మ చెదరదు, చిన్నదవుతుంది అంతే. ఆ కడ్డీని తరిగితే ఇవి. ఒక్కటైతే మురీనా, ఎక్కువైతే ఇటలీవాళ్లు మురీనే అంటారు. పూసలు చేసే మనందరి నోట్లో మాత్రం మురీనీ అనే స్థిరపడిపోయింది, నేనూ అలాగే అంటాను. రోమన్ల కాలం నాటి ఈ పనిని మురానోలో 1870ల్లో విన్సెంజో మొరెట్టి మళ్లీ బతికించాడు. గాజు పూసల కళకి ఇటలీ, ఫ్రాన్స్ రెండిటి పేరు మీదా 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలోనూ గాజుని లాగి తరిగి పూసలు చేసేవాళ్లు. కాకపోతే అక్కడ లాగేది బోలు గొట్టం, తరిగిన ముక్కే పూస. ఇక్కడ లాగేది గట్టి కడ్డీ, తరిగిన ముక్క ఇంకో పూస మీదకి ఎక్కే బొమ్మ.

సరే, ప్యాకెట్లు. ఒకటి 3-4 ఎంఎం, ఒకటి 5-6, ఒకటి 7-8. అందరూ అడిగే ప్రశ్న ఒకటే, "నా పూసకి ఏ సైజు తీసుకోవాలి?" ఈ నంబర్లు చూసి జవాబు చెప్పడం కుదరదండీ. ఇది ముఖం వెడల్పు మాత్రమే. మందం ఎంతో ఏ ప్యాకెట్ మీదా లేదు. నా గొడవంతా ఇక్కడే.

ఎందుకో లెక్క చెప్తాను. మురీనా పూసలోకి దిగాక అలాగే ఉండిపోదు, కరిగి పరుచుకుంటుంది. 6 ఎంఎం వెడల్పు, 3 ఎంఎం మందం ఉన్న ముక్క కరిగి 2 ఎంఎం మందానికి అణిగిందనుకోండి, ఉన్న గాజంతా పక్కలకే పోవాలి కాబట్టి వెడల్పు సుమారు 7.3 అవుతుంది. 12 ఎంఎం పూస నడుము చుట్టుకొలత 37.7. నాలుగు పెడితే 29 దాకా పోయి, మధ్యలో రెండేసి ఎంఎం ఖాళీ మిగుల్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఐదు పెడితే ఖాళీ దాదాపు మిగలదు, కాస్త ఎక్కువ కరిగినా ఒకదాన్నొకటి నెట్టుకుని పువ్వులు కాస్తా పలకలైపోతాయి. 4 ఎంఎంవి అయితే అదే పూస చుట్టూ ఆరు హాయిగా పడతాయి. ఏడోది పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి.

ఇంకో లెక్క, దీన్ని చాలామంది వదిలేస్తారు. మురీనీ కూడా గాజే, పూసకి బరువు పెంచుతాయి. ఆ నాలుగు ముక్కల్లో దగ్గర దగ్గర 340 ఘన ఎంఎం గాజుంది. 12 ఎంఎం గుండు పూస మొత్తం 905. అంటే 12 ఎంఎం బేస్ (మురీనీ పెట్టకముందు ఉండే ఉత్త పూస) చేసుకుని వాటిని పెడితే చివరికి 13.3 పూస తేలుతుంది. సెట్ కోసం చేస్తున్నప్పుడు ఒక పూస పెద్దది, ఒకటి చిన్నది రావడానికి సగం కారణం ఇదే. 12 కావాలంటే బేస్ 10 దగ్గర, మహా అయితే 10.3 దగ్గర ఆపేయాలి. రంధ్రం లెక్క ఇందులో కలపలేదు, దానివల్ల వచ్చే తేడా కొంచెమే.

ముందుగా చిన్న ప్యాకెట్, 3-4. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఇదిగో ఈ ముక్క వెడల్పు వెర్నియర్‌లో 3.2. ఇప్పుడు నిలబెట్టి కొలుస్తున్నాను, మందం 3.5. వెడల్పు కంటే మందమే ఎక్కువ! దీన్ని ట్వీజర్స్‌తో పట్టుకుని పూస మీద ఆనించగానే పక్కకి దొర్లుతుంది. పువ్వు పైకి ఉండాల్సింది పక్కకి తిరిగి, పైన ఉత్త చారలు కనిపిస్తాయి. మంటలో ఎరుపులు వేడికి నల్లబడి ఉంటాయి కాబట్టి అది పువ్వో చారో అప్పుడు పోల్చుకోలేరు కూడా. చల్లారి రంగు తిరిగొచ్చాకే తెలుస్తుంది. నా లెక్క ఏంటంటే, మందం వెడల్పులో సగం దాటకూడదు. 4 ఎంఎంకి 2, 6 ఎంఎంకి 3. 8 ఎంఎంకి కూడా 3 చాలు.

చిన్న పూసలకి మందం ఇంకా ప్రమాదం. మాండ్రెల్, అంటే కరిగిన గాజుని చుట్టి పూస చేసే ఊచ, 2.4 ఎంఎం అనుకుంటే, 8 ఎంఎం పూసలో ఊచ చుట్టూ ఉండే గాజు 2.8 మాత్రమే. అందులోకి మూడున్నర మందం ముక్కని నొక్కితే ఎక్కడికి పోతుంది? పూస ఊచకి అతుక్కోకుండా పూసే బీడ్ రిలీజ్ పూత దాకా దిగి, ఆ పూతని గీరేసి, పూస ఊచకి అతుక్కుంటుంది. లేదంటే పైకి బొడిపెలా మిగిలిపోతుంది. ఈ ప్యాకెట్‌లో 2 ఎంఎం మందం ఉన్నవి ఏరుకుంటే సగానికి కాస్త తక్కువే తేలాయి. అవి మాత్రం బంగారం. ఒక చిట్కా, చిన్న మురీనా మీద క్లియర్ గాజు చుక్క ఒకటి వేసి గోపురంలా వదిలేయండి. భూతద్దంలా పనిచేసి 4 ఎంఎం పువ్వు పెద్దదై కనిపిస్తుంది. బేస్‌కి వెడల్పు సరిపోక చిన్నది పెట్టాల్సి వచ్చినప్పుడు ఇంతకంటే మంచి దారి లేదు.

ఇప్పుడు 5-6. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే నచ్చింది. పది ముక్కలు కొలిచాను, మందం 2.6 నుంచి 3.1 మధ్యే ఉంది. కోసిన ముఖం చూడండి, నున్నగా ఉంది, అంచుల్లో పెచ్చులు లేవు. పెచ్చులుంటే ఏమవుతుంది? ఆ గుంటల్లో గాలి ఇరుక్కుని, కరిగాక పువ్వు మీద నురగలా సన్న బుడగలు తేలతాయి. ఎంత బాగున్నా సరే, పెట్టే ముందు కడిగి ఆరబెట్టండి, కోసినప్పటి పొడి అంటుకుని ఉంటుంది.

పెట్టే పద్ధతి చూపిస్తాను. బేస్ 10 ఎంఎం, గుండ్రంగా, ఎర్రటి మెరుపు తగ్గి గట్టిపడే దాకా ఆగాను. మురీనీ టార్చ్ పక్కన స్టీలు పలక మీద వేడెక్కుతున్నాయి. చల్లటి ముక్కని నేరుగా మంటలో పెడితే టప్పుమని పేలుతుంది. సైజు, మందం పెరిగేకొద్దీ పేలడమూ ఎక్కువే. ట్వీజర్స్‌తో అంచులు పట్టుకుని మంట చివర్లో ఐదారు సెకన్లు అటూ ఇటూ ఆడించాను. అదే సమయంలో పూస మీద ఒక్క చోట, మురీనా వెడల్పంతే, నారింజ రంగు వచ్చేదాకా వేడి చేశాను. ఇప్పుడు నిటారుగా ఆనించి, రెండు లెక్కపెట్టేంతసేపు నొక్కి వదిలేశాను. చూడండి, సగం దిగింది, అంచు పైన నిలబడి ఉంది.

ఇక్కడే అందరూ చేసే తప్పు. పువ్వు ముఖం మీద మంట పెడతారు. ముఖం కరిగి పుట్టగొడుగు గొడుగులా పక్కలకి వాలుతుంది, దాని కింద గాలి చిక్కుతుంది, పూస చుట్టూ నల్ల గీతలా మురికి మడత మిగుల్తుంది. వేడి పెట్టాల్సింది ముఖానికి కాదు, అంచు కింద బేస్ కలిసే చోట. పక్క నుంచి మంట తగిలించి, ఇత్తడి పలకతో మెల్లగా నొక్కితే గూట్లో కూర్చున్నట్టు దిగుతుంది. బేస్ ఎక్కువ వేడిగా ఉంటే మురీనా లోపలికి దిగుతుంది, వెడల్పు పెద్దగా మారదు. ముఖం ఎక్కువ వేడిగా ఉంటే పరుచుకుంటుంది. సైజు కొనే దగ్గర ఎంత జాగ్రత్తపడ్డా, చివరికి కనపడే సైజు ఈ వేడి చేతుల్లోనే ఉంటుంది. మొదటిది పెట్టాక పక్కది కాదు, ఎదురుగా ఉన్నది పెట్టండి, తర్వాత మధ్యవి రెండూ. లేకపోతే పూస ఒక పక్కకి వేలాడుతుంది.

ఈ ప్యాకెట్‌లో ఒకే ఒక్క జాగ్రత్త, టర్కాయిస్ అంచున్న డిజైన్. దాన్ని ఐవరీ బేస్ మీద పెట్టారంటే రెండు గాజులూ పడక మధ్యలో ముదురు గీత పుడుతుంది. 6 ఎంఎం ముక్కకి ఆ గీత కాటుక దిద్దినట్టు బాగుంటుంది. అదే డిజైన్ 3 ఎంఎంలో పెడితే ఆ గీతే సగం పువ్వుని తినేస్తుంది.

ఇక 7-8. టేప్ సంగతి ఇప్పుడు. డిజైన్లు చూస్తే మూడు ప్యాకెట్లలోకీ ఇవే అందం, ఒక్కో పువ్వులో ఐదు పొరలు. కానీ ఈ రెండు ముక్కలూ ఒకే ప్యాకెట్‌లోవి, ఒకే డిజైన్. మందం ఒకటి 2.1, ఇంకోటి 4.6! వెడల్పు రెండూ ఎనిమిదే. అంటే రెండో దాంట్లో గాజు రెట్టింపు కంటే ఎక్కువ. పూసకి అటొకటి ఇటొకటి పెడితే ఒక వైపు గర్భిణీ స్త్రీ పొట్టలా ఉబ్బి కూర్చుంది. ఎంత తిప్పినా గుండ్రం కాలేదు. సరిచేద్దామని వేడి పెంచితే సన్నది మొత్తం కరిగి పువ్వు పోయింది. చేతిలో తప్పు లేదు, కోతలో ఉంది.

మందం సమంగానే ఉన్నా ఈ సైజు గుండు పూసకి నప్పదు. ముక్క చదునుగా ఉంటుంది, పూస వంపుగా ఉంటుంది. 12 ఎంఎం పూస మీద 4 ఎంఎం ముక్క పెడితే అంచు దగ్గర ఖాళీ 0.3 ఎంఎం. 6 పెడితే 0.8. 8 పెడితే ఒకటిన్నర! ఆ ఒకటిన్నర ఎంఎం అంచుని కిందికి వంచాలంటే అంచుని బాగా కరిగించాలి, అప్పుడు బయటి పొర సాగిపోతుంది, లోపలి పొరలు అలాగే ఉంటాయి. పువ్వు కన్నుగుడ్డులా తయారవుతుంది. బిళ్ల పూస, పలక పూస, 20 ఎంఎం దాటిన పెద్ద పూస, వీటికైతే 7-8 బాగుంటుంది. బిళ్ల పూసకి మధ్యలో గాలి చిక్కుతుంది కాబట్టి చదునుగా ఆనించకుండా ఒక అంచు ముందు తగిలించి, అటు నుంచి ఇటు వాల్చండి.

"నిప్పర్‌తో (గాజు తెంపే కత్తెరతో) చుట్టూ తరిగి చిన్నది చేసుకోవచ్చు కదా" అని కింద కామెంట్ పెడతారని తెలుసు. చక్రాల నిప్పర్‌తో తరగొచ్చు, కానీ బయటి రంగు పొరే పోతుంది. కడ్డీ దొరికితే మాత్రం నిశ్చింత. 8 ఎంఎం కడ్డీ 10 సెంటీమీటర్లు కొని, వేడి చేసి 4 ఎంఎంకి లాగితే 40 సెంటీమీటర్లు వస్తుంది, చివర్లు కాస్త వృథా. బొమ్మ మొత్తం అలాగే ఉంటుంది, మందం మీ ఇష్టం, మీరే తరుక్కుంటారు. సన్నగా లాగిన కడ్డీని నిప్పర్‌తో నొక్కితే సూటిగా తెగుతుంది. 8 ఎంఎంని అలా తెంపితే ఏటవాలుగా విరగడమే ఎక్కువ. ఈ ప్యాకెట్‌లో మందాలు ఇలా తేడాలు రావడానికీ కారణం అదే అయ్యుంటుంది.

కిల్న్ గురించి, అంటే చేసిన పూసల్ని నెమ్మదిగా చల్లార్చే కొలిమి గురించి, ఒక్క మాట. ఎఫెత్రేకి 510 డిగ్రీల దగ్గర నిలపండి, 12 ఎంఎం పూసకి అరగంట, మందపాటి మురీనీ పెట్టిన పెద్దవాటికి గంట. తర్వాత నెమ్మదిగా దించండి.

తీర్పు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. 5-6 కళ్లు మూసుకుని కొనండి, 11 నుంచి 15 ఎంఎం పూసలు చేసేవాళ్లకి ఇది తప్ప ఇంకోటి అక్కర్లేదు. 3-4 కొంటే ఏరుకునే ఓపిక ఉండాలి. ఏరాక మిగిలిన మందపాటివి పారేయకండి, పక్కకి పడుకోబెట్టి చారలుగా వాడుకోవచ్చు. 7-8 నేనైతే కొనను. డిజైన్ ఎంత బాగున్నా, రెండు ముక్కలు జత కుదరని ప్యాకెట్ చెవి లోలాకులు చేసేవాళ్లకి ఎందుకూ పనికిరాదు. మూడూ కలిపి సెట్‌గా అమ్ముతున్నారు, విడిగా 5-6 ఇస్తారేమో అడగండి. షాపువాళ్లు వీడియో చూస్తుంటే ఒక్క మాట. ప్యాకెట్ మీద వెడల్పు పక్కన మందం కూడా అచ్చు వేయించండి, ఆ రోజు ఈ టేప్ నేనే తీస్తాను.