రిక్టర్ స్కేలు పదికి మార్కులు కాదు

(శ్రీకాకుళంలో విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడితో జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి కొంత భాగం)

నిర్వాహకురాలు: టెక్కలి నుంచి ఫోను. చెప్పండమ్మా.

శ్రోత (టెక్కలి): నమస్కారం మాస్టారూ. మా అబ్బాయి గువాహటిలో భవనాల పనికి వెళ్లాడు. నిన్న రాత్రి భూకంపానికి మంచం ఊగిందట. "4.3, లోతు 10 కిలోమీటర్లు" అని ఫోనులో చూశాడట. పదికి నాలుగే కదమ్మా అని నవ్వుతాడు. నాకు మాత్రం నిద్ర లేదు. వచ్చేయమని చెప్పమంటారా?

అధ్యాపకుడు: వద్దమ్మా. అలాగని మీవాడి లెక్కా సరైంది కాదు. ఇది పదికి వేసే మార్కు కాదు, పైన హద్దంటూ లేదు. ఇప్పటివరకు యంత్రాలకు అందిన పెద్ద భూకంపం 1960లో చిలీలో వచ్చిన 9.5. ఒక్క అంకె పెరిగితే కంపనం పదింతలు, శక్తి దాదాపు 32 రెట్లు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చింది 5.3. మీవాడు చూసిన దానికి అది ఒక్క మెట్టే పైన, కానీ ఎంత తేడా ఉందో చూడండి.

శ్రోత: మరి అంత పైపైన వస్తే ప్రమాదం కాదా?

అధ్యాపకుడు: మీ ఊళ్లో గ్రానైట్ క్వారీలు ఉన్నాయి కదా. పేల్చినప్పుడు మీ ఇల్లు అదురుతుందా?

శ్రోత: అల్మారాలో గ్లాసులు మోగుతాయండీ.

అధ్యాపకుడు: అదే పేలుడు శ్రీకాకుళంలో నాకు తెలియదు. పేలుడు ఒక్కటే, మీకు తగిలింది వేరు, నాకు తగిలింది వేరు. భూకంపానికీ అంతే. పుట్టినచోట ఎంత పెద్దదో చెప్పేది 4.3. దానికి ఎక్కడైనా అంకె ఒక్కటే. ఊరూరా ఎంత కదిలించిందో చెప్పే కొలత వేరే ఉంది. మన పత్రికలు రెండింటికీ "తీవ్రత" అనే రాస్తాయి, చిక్కంతా అక్కడే. లోతు తక్కువైతే భూకంపం పుట్టినచోటికి పైనున్న ఊళ్లకు కుదుపు గట్టిగా తగులుతుంది. 1993లో లాతూరులో వచ్చింది 6.2, లోతు తక్కువ, ఇళ్లు మట్టి, రాళ్ల గోడలవి. వేలమంది పోయారు. 4.3తో గిన్నెలు గలగలమంటాయి, బలహీనమైన గోడకు పగులు రావచ్చు, మామూలుగా అంతకు మించి ఉండదు.

ఇక ఆ "10 కిలోమీటర్లు" ఉంది చూశారూ, దాన్ని నేను అంతగా పట్టించుకోను. దగ్గర్లో కంపనాలను కొలిచే కేంద్రాలు చాలినన్ని లేనప్పుడు లోతు కచ్చితంగా తేలదు. అప్పుడు లెక్కలో పది అని పెట్టుకుంటారు. తర్వాత మార్చవచ్చు కూడా.

అయితే గువాహటి మన దేశంలో భూకంప ప్రమాదం చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఉంది, మన దగ్గర ప్రమాదం తక్కువ. అందుకని మీవాడిని ఇటుకల దొంతర పక్కన, పరంజా కింద పడుకోవద్దనండి. ఊగుతున్నప్పుడు మెట్ల మీద పరుగెత్తవద్దనండి. మళ్లీ వస్తుందా అంటే, తేదీ చెప్పగలిగినవారు ఎవరూ లేరు. చెప్పామనేవారిని నమ్మవద్దు.

నిర్వాహకురాలు: తర్వాత సోంపేట.

శ్రోత (సోంపేట): మాస్టారూ, 2014 మే నెలలో ఒక రాత్రి మేమంతా వీధిలోకి వచ్చేశాం. బంగాళాఖాతంలో 6.0 అన్నారు. మరి సునామీ ఎందుకు రాలేదు?

అధ్యాపకుడు: సముద్రం అడుగు ఒక్కసారిగా పైకో కిందికో జరిగితేనే నీరు కదులుతుంది. 6.0కి ఆ బలం మామూలుగా చాలదు. 2004 సునామీకి కారణమైంది 9.1, అంటే శక్తిలో నలభై వేల రెట్లకు పైమాట. అయినా ఊగాక సముద్రం వెనక్కి పోతే చూడ్డానికి వెళ్లకండి, ఎత్తైన చోటికి వెళ్లిపోండి.

నిర్వాహకురాలు: చివరి ఫోను, విజయనగరం.

శ్రోత (విజయనగరం): మాది పాత పెంకుటిల్లు. గోడకు పగులుంది. భూకంపం వల్లనా, వానకా, ఎలా తెలుస్తుందండీ?

అధ్యాపకుడు: చూడగానే చెప్పలేం. పగులు రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత పెట్టండి. నెలకోసారి చూడండి. గీత దాటి పాకితే ఇంజినీరును పిలవండి. ఈలోగా మంచం తలవైపు బీరువా ఉంటే జరపండి.

శ్రోత: మా మనవడు గోడంతా పెన్సిలుతోనే నింపేశాడు. నా గీత ఏదో ఎలా తెలుస్తుంది?

అధ్యాపకుడు: తేదీ వేయండి.