బెండకాయతో తంగేడు పువ్వు

శ్రోతలకు నమస్కారం.

పోయిన ఎండాకాలం మా చెల్లె పెండ్లి అయింది. వరంగల్‌లో మా వాడకట్టంతా కలిసి చేసిన పెండ్లి. ఒకరు గిన్నెలిచ్చారు, ఒకరు చుట్టాలు పండుకోవడానికి మిద్దె ఇచ్చారు, ఇంకొకరు తెల్లవారుజామున లేచి ఉల్లిగడ్డలు కోశారు. వాళ్లందరికీ చేత్తో చేసిన కార్డు ఇవ్వాలనిపించింది. లెక్కేస్తే 40 తేలాయి. నాకు బొమ్మలు గీయడం రాదు. అందుకే స్టాంపుల దారి పట్టాను.

రబ్బరు స్టాంపులు చేసే దుకాణానికి పోతే గోడ నిండా నమూనాలే: 'నకలు', 'చెల్లించబడినది', 'ప్రధానోపాధ్యాయులు'. "ధన్యవాదాలు అని చెయ్యాలన్నా" అన్నాను. ఆయన రాసుకుని, "కింద హోదా ఏం పెట్టమంటరు?" అనడిగాడు.

రబ్బరు స్టాంపు అంటాం గానీ ఇప్పుడు చాలావాటిలో రబ్బరు ఉండదు. వాటిని పాలిమర్ అనే చిక్కటి ద్రవంతో చేస్తారు. అక్షరాలున్న నెగటివ్ ఫిల్మును దానికి ఆనించి అతినీలలోహిత కాంతి పెడతారు. వెలుతురు తగిలినచోట గట్టిపడుతుంది, తగలనిచోట కడిగితే పోతుంది. మిగిలిందే అచ్చు. అసలు రబ్బరుకు పనికొచ్చే గుణం వచ్చిందే 1839లో, చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి కాచిన తర్వాత. అంతకుముందు రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. మన మే నెలలో దాని గతి ఏమయ్యేదో చెప్పక్కరలేదు.

స్టాంపు వచ్చింది, కొట్టి చూశాను. 'ధ' కింద ఉండే చిన్న గీత సిరాతో పూడుకుపోయి 'దన్యవాదాలు' అయి కూర్చుంది. తెలుగు అక్షరాలకు ఒత్తులూ మెలికలూ ఎక్కువ కాబట్టి అక్షరం పెద్దగా చేయించుకోవాలి. అది ఒక చిక్కు. రెండోది, ఆ మాట చదువుతుంటే ఏదో ఆఫీసు కాగితంలా తోచింది. ఉల్లిగడ్డలు కోసిన అక్కకు మనం ధన్యవాదాలు అంటామా? మర్నాడు మళ్లీ పోయి 'మీ ఇల్లు సల్లగుండ' అని పెద్దక్షరాల్లో చేయించాను. ఈసారి ఆయన హోదా అడగలేదు.

ఇక కాగితం. ఏ-4 సైజు మందపాటి డ్రాయింగు షీటును సగానికి కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే సుమారు 4 అంగుళాలకు 6 అంగుళాల కార్డు వస్తుంది. 40 కార్డులకు 20 షీట్లు సరిపోయాయి. నునుపుగా మెరిసే కాగితం మాత్రం వద్దు, ఆఫీసు ప్యాడు సిరా దానిమీద ఎంతకీ ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. నావి 6 కార్డులు అట్లనే చెత్తబుట్టకు పోయాయి.

మనం స్టాంపును ప్యాడుమీద గట్టిగా గుద్దుతాం. కార్డుకు అది పనికిరాదు. స్టాంపును వెల్లకిలా పట్టుకుని, ప్యాడునే దానిమీద మెల్లగా నాలుగుసార్లు అద్దాలి. కార్డు కింద ఒక పాత నోటుపుస్తకం పెట్టి, నిటారుగా నొక్కి, నిటారుగానే ఎత్తాలి. అటూ ఇటూ ఊపితే అంచులు పడతాయి. రంగు మార్చేముందు తడిగుడ్డతో తుడవాలి.

బొమ్మకు మాత్రం పిల్లల ఎరేజర్ తీసుకుని కోటలోని కీర్తితోరణం చెక్కాను. తెలివి ఉండి ఎంచుకున్నది కాదు గానీ తోరణమే మంచిదైంది. అచ్చులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. తోరణం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిరగబడ్డా నష్టం లేదు. అక్షరాలైతే ముందు పలుచటి కాగితంమీద పెన్సిలుతో రాసి, ఆ కాగితాన్ని ఎరేజర్ మీద బోర్లించి గోటితో రుద్దితే వాటంతటవే తిరగబడి అంటుకుంటాయి.

ఇదంతా అయ్యేసరికి బతుకమ్మ దగ్గరపడ్డది. ఒకరోజు కూర తరుగుతుంటే అడ్డంగా కోసిన బెండకాయ ముక్క కంటపడింది. అయిదు మూలలు, అయిదు రేకులు. తంగేడు పువ్వుకూ రేకులు అయిదే! ముక్కను గుడ్డమీద బోర్లించి జిగురు పోనిచ్చి, పసుప్పచ్చ రంగులో అద్ది కార్డుమీద వరుసలు పేర్చాను. అడుగున ఏడు, పైన ఆరు, ఆపైన అయిదు, చివరికి ఒకటి. బతుకమ్మ నిలబడింది.

మొదటి కార్డు మా పక్కింటి అవ్వకు పట్టుకపోయిన. పెండ్లిలో పసుపు దంచిన అవ్వ. ఆమెకు చదువు రాదు. కార్డును కండ్లకు దగ్గరగా పట్టుకుని చూసి, "మంచిగున్నది బిడ్డా, గునుగు పువ్వు ఏది? గునుగు లేని బతుకమ్మ ఉంటదా?" అన్నది.

నిజమే, మరిచిపోయిన. ఊదా సిరా ప్యాడు ఇంట్లోంచి తెచ్చి ముందు పెట్టిన. పింఛను కాగితాలమీద బొటనవేలు ఒత్తీ ఒత్తీ అలవాటున్న అవ్వ, ఈసారి చిటికెన వేలు ముంచి, పువ్వుల వరుసల నడుమ పొడుగ్గా ఒక్కొక్కటే ఒత్తుకుంటూ పోయింది.