కొమ్ము వస్తే కూర్చో

తమ్ముడు: రికార్డవుతోంది. నమస్కారం, మళ్ళీ మేమే. ఈ వారం ఏమిటో అక్కే చెప్తుంది, క్లాసు తనది కాబట్టి.

అక్క: చిన్న క్లాసుల పిల్లలు ఎక్కువసేపు కుదురుగా ఉండలేరు. పాఠం మధ్యలో రెండు మూడు నిమిషాలు లేపి కదిలిస్తే మళ్ళీ దారిలోకొస్తారు. అందుకు మూడు ఆటలు చెప్తానని పోయినసారి మాటిచ్చాను.

తమ్ముడు: ఇసుక గడియారం మాట ఎత్తవు కదా?

అక్క: ఎత్తుతాను. బల్ల మీద అది లేకపోతే ఏ ఆటా మొదలుపెట్టొద్దు. ఎప్పుడు ఆపాలో పిల్లల కంటికి కనపడాలి. మనం అరిచి ఆపితే ఆ అరుపుకే ఇంకో రెండు నిమిషాలు పోతాయి.

తమ్ముడు: నలభై ఎపిసోడ్లుగా వింటున్నాం. ఆట చెప్పు.

అక్క: మొదటిది గుణింతం. అందరూ నిలబడాలి. 'కా' అంటే చేతులు బారుగా చాపాలి. 'కి' అంటే తల మీద రెండు చేతులూ కలిపి గుడి కట్టాలి. 'కు' అంటే కూర్చుని లేవాలి. 'కూ' అంటే రెండుసార్లు.

తమ్ముడు: గుంజీళ్ళన్నమాట.

అక్క: ఆ మాట అనకురా! ఒకసారి నోరు జారాను. "నేనేం చేశాను టీచర్?" అని ఒక పాప ఏడుపు మొహం పెట్టింది. సరే, రెండోది ఎక్కాలు. మూడో ఎక్కం చెప్తూ మెట్టుకో గెంతు. చివర్లో అరనిమిషం ఊపిరి మెల్లగా పీల్చి వదలాలి, లేకపోతే ఆ ఊపు పాఠంలోకీ వస్తుంది.

తమ్ముడు: అందరూ గెంతుతారా?

అక్క: రాత పూర్తయినవాళ్ళు.

తమ్ముడు: కానివాళ్ళు?

అక్క: కూర్చుని పూర్తి చేస్తారు.

తమ్ముడు: అదిగో! బోర్డు మీద నా పేరు రాసిన చెయ్యి కదా, ఎక్కడికి పోతుంది!

అక్క: మళ్ళీ మొదలు. అందరికీ ఒకటే అంటే ఇక రాసేదెవరు?

తమ్ముడు: 2006లో అచ్చయిన అధ్యయనం ఒకటుంది, అమెరికాలో నార్త్ కరోలినాలో చేసింది. క్లాసులోనే రోజుకు పది నిమిషాలు కదిలించారు. పాఠం మీద ధ్యాస మొత్తం మీద 8 శాతం పెరిగింది. మొదట్లో అందరికంటే తక్కువ ధ్యాస ఉన్నవాళ్ళలో అయితే 20 శాతం. అంటే నువ్వు కూర్చోబెడుతున్నది ఎవరిని?

అక్క: అంకెలు బానే చెప్తావు. నా క్లాసులో ఒక్కరోజు నిలబడు.

తమ్ముడు: అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2013లోనే చెప్పింది. శిక్షగా కానీ, చదువు కోసమని కానీ ఆటవిడుపు తీసెయ్యకూడదని.

అక్క: అది బయట ఆడుకునే విరామం గురించి. క్లాసులో మూడు నిమిషాల గెంతుల గురించి కాదు. రెండూ కలిపెయ్యకు.

తమ్ముడు: సరే, ఒప్పుకున్నా. కానీ కూర్చోబెడితే రాస్తున్నారా? అది చెప్పు.

అక్క: ...

తమ్ముడు: అక్కా?

అక్క: మొన్న ఒకణ్ణి కూర్చోబెట్టాను. చుట్టూ అందరూ గెంతుతున్నారు. వాడి పెన్సిల్ మొన కాగితం మీదే ఉంది, ఒక్క అంకె పడలేదు. బల్ల కిందికి చూస్తే మడమలు ఆడుతున్నాయి. ఎక్కంతో పాటే, మెట్టుకో దెబ్బ. ఇరవై నాలుగు, ఇరవై ఏడు... పెదాలు కూడా కదులుతున్నాయి. క్లాసులో ఎవరు తప్పు చెప్పినా వాడు చెప్పలేదు.

తమ్ముడు: లేపావా మరి?

అక్క: లేపుదామనుకునేసరికి ఇసుక అయిపోయింది.

తమ్ముడు: తిప్పి పెట్టొచ్చుగా!

అక్క: తిప్పితే గడియారం మాట ఎవరూ నమ్మరురా. ఒక్కసారి తిప్పానంటే రోజూ "ఇంకోసారి టీచర్" అంటారు. అదే చెప్తున్నాను మొదట్నుంచీ.

తమ్ముడు: ఆ గడియారం ఎక్కడుందో చెప్పు, వచ్చి పగలగొడతా.

అక్క: నీ అంత పొడుగు బీరువా మీద.

తమ్ముడు: మూడో ఆట ఏదీ?

అక్క: ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు. వచ్చేవారం చూద్దాం.

తమ్ముడు: పోనీ బోర్డు మీది నా పేరైనా తుడిచెయ్, ఇన్నేళ్ళయింది.

అక్క: తుడవను. ఆరోజు నువ్వు మాట్లాడావు.

తమ్ముడు: పక్కవాడు టైమెంతని అడిగితే చెప్పాను!

అక్క: దాన్నే మాట్లాడటం అంటారు. ఆపు, నీ మైకు కింద ఎర్ర లైటు వెలుగుతోంది.