యార్డులో నిలబడ్డ లారీ: ఈసీఎల్ లెక్క తప్పే చోటు

అందరికీ నమస్కారం. ఈసీఎల్ (రుణాలపై రాబోయే నష్టాన్ని అంచనా వేసి ముందే పక్కన పెట్టే కేటాయింపు) అనగానే చర్చంతా పీడీ (రుణం డిఫాల్టయ్యే అవకాశం) మోడల్ చుట్టూ తిరుగుతుంది. వాహన రుణాలిచ్చే ఎన్‌బీఎఫ్‌సీల్లో (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల్లో) నాకు ఎక్కువ అనుమానం ఎల్‌జీడీ మీద, అంటే డిఫాల్టయితే బాకీలో ఎంత శాతం పోతుందన్న లెక్క మీద. అందుకే యార్డులో నిలబడ్డ లారీతో మొదలుపెడతాను.

లారీ ఓనరు కిస్తీలు ఆపేశాడు. డిఫాల్టు నాటికి బాకీ 6 లక్షలు. బండి పట్టుకొచ్చి, వేలం వేసి, డబ్బు జమయ్యేసరికి ఏడాది గడిచింది. వచ్చింది 4 లక్షలు. బ్రాంచిని అడిగితే "2 లక్షలు పోయాయండి, 33 శాతం" అంటారు. సీజింగు ఖర్చు, యార్డు అద్దె, వేలం కమీషన్ కలిపి 40 వేలు తీసేయండి. మిగిలేది 3.60 లక్షలు. అదీ ఏడాది తర్వాతి డబ్బు. రుణం ప్రభావక వడ్డీ రేటు (ఫీజులూ అవీ కలిపి చూసిన అసలు వడ్డీ) 20 శాతమైతే, డిఫాల్టు నాటికి దాని విలువ 3 లక్షలే. అంటే నష్టం సగానికి సగం.

ఇంకో రెండు పొరపాట్లు. అమ్ముడైన బండ్లనే లెక్కలోకి తీసుకుని, ఆచూకీ దొరకని బండ్లను వదిలేయడం ఒకటి. పాత బాకీని కొత్త రుణంతో మూసి, "పూర్తిగా వసూలైంది" అని రాసుకోవడం రెండోది. రెండోదాన్ని ఆడిటర్లు ఇట్టే పట్టేస్తారు. ప్రతి ఖాతాకూ డిఫాల్టు, స్వాధీనం, అమ్మకం, నగదు జమ తేదీలు నాలుగూ సిస్టంలో ఉండాల్సిందే.

ఇక 10 లక్షల రుణం చూద్దాం. డిస్కౌంటింగునీ (రేపటి డబ్బును నేటి విలువలోకి మార్చడాన్నీ), కిస్తీలతో తగ్గే బాకీనీ పక్కన పెడదాం. మొదటి దశలో (రిస్కు పెద్దగా పెరగని రుణాల్లో) 12 నెలల పీడీ 2 శాతమనుకుంటే, 50 శాతం ఎల్‌జీడీకి కేటాయింపు 10,000. రిస్కు బాగా పెరిగి రెండో దశకు జారి, జీవితకాల (రుణం తీరేదాకా ఉండే) పీడీ 15 శాతమైతే 75,000. ఈ జారుడుకి ఇండ్ ఏఎస్ 109 అనే అకౌంటింగ్ ప్రమాణం పెట్టిన గీత 30 రోజుల బకాయి. తగిన ఆధారాలుంటే ఆ గీతను కాదనవచ్చు. కానీ ఎన్‌బీఎఫ్‌సీ అలాంటి కేసులన్నీ ఆడిట్ కమిటీ ముందు పెట్టాలి, అదీ 60 రోజులు దాటాక కుదరదు. ఈ మాట 2020 మార్చి 13 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్‌లోనే ఉంది.

అదే సర్క్యులర్ బంగారు రుణాల వాళ్లకూ పని పెట్టింది. అక్కడ తాకట్టు గట్టిది, ఎల్‌జీడీ చిన్నది. ఈసీఎల్ మొత్తం ఆర్‌బీఐ పాత నిబంధనల ప్రకారం చేయాల్సిన కేటాయింపు కంటే తగ్గితే, ఆ తేడాను పన్ను పోగా మిగిలిన లాభంలోంచి ఇంపెయిర్‌మెంట్ రిజర్వు అనే ప్రత్యేక నిధికి మళ్లించాలి. అందులోంచి తిరిగి తీయాలంటే ఆర్‌బీఐ అనుమతి కావాలి.