తల గ్లోరియాది, గుండె మెగ్‌ది: ‘బ్రైడ్ ఆఫ్ రీ-యానిమేటర్’ మీద అక్కాతమ్ముళ్ల మాటలు

అక్క: నమస్తే అండీ. ఈ వారం ఎపిసోడ్ మొత్తం ఒకే సినిమా మీద. ‘బ్రైడ్ ఆఫ్ రీ-యానిమేటర్’, 1990. దర్శకుడు బ్రయాన్ యుజ్నా. 1985లో వచ్చిన ‘రీ-యానిమేటర్’కి ఇది రెండో భాగం. మొదటిది స్టూవర్ట్ గోర్డన్ తీశాడు, దానికి యుజ్నా నిర్మాత. ఈసారి ఆయనే దర్శకత్వం చేశాడు.

తమ్ముడు: క్లైమాక్స్‌తో సహా కథంతా మాట్లాడేస్తాం. చూడనివాళ్లు చూసొచ్చాక వినండి. సినిమాలో రక్తం, కోసిన శరీర భాగాలు చాలా ఉంటాయి, పిల్లలు పక్కన ఉన్నప్పుడు పెట్టుకోవద్దు.

అక్క: మొదటి భాగం తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్పు.

తమ్ముడు: మసాచుసెట్స్‌లో ఆర్కమ్ అనే ఊరు. కల్పిత ఊరే. అక్కడ మెడికల్ కాలేజీలో హెర్బర్ట్ వెస్ట్ అనే కుర్రాడు, జెఫ్రీ కూంబ్స్ వేశాడు. అతని దగ్గర ఆకుపచ్చగా మెరిసే మందు ఉంటుంది. శవానికి ఎక్కిస్తే లేస్తుంది, కానీ లేచేది మునుపటి మనిషి కాదు. వెస్ట్‌తో పాటు ఒకే ఇంట్లో ఉండే డాన్ కెయిన్, అంటే బ్రూస్ అబాట్, మెగ్ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. వెస్ట్ పరిశోధన కాజేయబోయిన డాక్టర్ హిల్ తల తెగుతుంది. ఆ తలా మొండెమూ విడివిడిగా బతుకుతాయి. చివర్లో ఆసుపత్రిలో మారణకాండ, మెగ్ చచ్చిపోతుంది.

అక్క: రెండో భాగం అక్కడికి 8 నెలల తర్వాత, పెరూలో అంతర్యుద్ధం మధ్య మొదలవుతుంది. వెస్ట్, డాన్ ఇద్దరూ గాయపడ్డవాళ్లకి వైద్యం చేస్తుంటారు. తర్వాత ఆర్కమ్ తిరిగొచ్చి స్మశానం పక్కనే ఉన్న ఒక పాత ఇంట్లో దిగుతారు. వెస్ట్ రకరకాల మనుషుల అవయవాలు కలిపి ఒక స్త్రీని తయారు చేయాలనుకుంటాడు. డాన్‌ని ఒప్పించడానికి అతని దగ్గరున్న ఎర ఒక్కటే, మెగ్ గుండె. మార్చురీ నుంచి తీసి దాచాడు.

తమ్ముడు: ఇక్కడే నాకు అభ్యంతరం అక్కా. ఇది అమెరికన్ హారర్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కథ ఆధారంగా అంటారు. కానీ టైటిలే 1935 నాటి జేమ్స్ వేల్ సినిమా ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్’ నుంచి తెచ్చుకున్నారు. ఆడమనిషిని తయారు చేయడం అనే ఆలోచన మేరీ షెల్లీ 1818 నవల ‘ఫ్రాంకెన్‌స్టీన్’లోనిది. మరి లవ్‌క్రాఫ్ట్ ఎక్కడున్నాడు?

అక్క: నువ్వే కాదు, చాలామంది ఇదే మాటంటారు. నేను ఒప్పుకోను. పెళ్లికూతురిని కాసేపు పక్కన పెట్టి చుట్టూ ఉన్న కథ చూడు. మొదటి సినిమా కంటే ఇదే మూలకథకి దగ్గరగా ఉంది.

తమ్ముడు: అలాగైతే మూలకథ నుంచే మొదలుపెట్టు.

అక్క: ‘హెర్బర్ట్ వెస్ట్: రీయానిమేటర్’ 1922లో ‘హోమ్ బ్రూ’ అనే చిన్న పత్రికలో ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఆరు భాగాలుగా వచ్చింది. భాగానికి ఐదు డాలర్లు. లవ్‌క్రాఫ్ట్‌కి ఆ పని నచ్చలేదు. నెలనెలా పాత కథ మళ్లీ చెప్పాలి, చివర ఒక దెబ్బ కొట్టాలి. ఆయన పద్ధతి అది కాదు. అందుకే చాలామంది దీన్ని ఆయన చిన్న రచనల్లో వేసేస్తారు.

తమ్ముడు: అవును, ఆయన ‘కాల్ ఆఫ్ క్తుల్హు’ లాంటి పెద్ద కథల పక్కన దీన్ని ఎవరూ నిలబెట్టరు.

అక్క: కానీ ఐదో భాగం చదువు. వెస్ట్ మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్లాండర్స్‌లో సైనిక డాక్టరు. యుద్ధం మీద ప్రేమతో వెళ్లలేదు, తాజా శవాలు దొరుకుతాయని వెళ్లాడు. సినిమాలో ఆ యుద్ధభూమే పెరూ అయింది. కథలో వెస్ట్ ఉష్ణమండలపు ఏదో సరీసృపం గుడ్ల నుంచి తీసిన కణజాలాన్ని తొట్టెలో పెంచుతుంటాడు. సినిమాలో ఇగ్వానా నుంచి తీసిన ద్రవం మందులో కలుపుతాడు, దాంతో విడి అవయవాలు కూడా కదలడం మొదలవుతుంది. ఇంత చిన్న వివరం ఊరికే వచ్చి పడదు కదా? కథని దగ్గర పెట్టుకుని రాసినవాళ్లే అలా రాస్తారు.

తమ్ముడు: ఆ ఇగ్వానా చూసినప్పుడు నాకు అది తట్టనే లేదు.

అక్క: సినిమాలో పోలీసాయన పేరు చూడు, లెఫ్టినెంట్ చాప్‌హామ్. కథలో తల తెగిన సైనిక డాక్టరు పేరు క్లాఫామ్-లీ. ఇక ఆరో భాగంలో వెస్ట్ ఇల్లు బాస్టన్‌లో ఒక పాత స్మశానం పక్కన ఉంటుంది. నేలమాళిగ గోడ అవతల సమాధి. వెస్ట్ చేసి పారేసిన జీవులన్నీ ఆ గోడ తొలుచుకుని వచ్చి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా అతన్ని చీల్చేస్తాయి. సినిమా చివర్లోనూ స్మశానం పక్క ఇల్లే, గోడే, పారేసిన జీవులే. వాటికి నాయకుడు హిల్. ఇక్కడ హిల్ తల గబ్బిలం రెక్కలు కుట్టించుకుని ఎగురుతుంది, అది మాత్రం కథలో లేదు.

తమ్ముడు: ఆ రెక్కలు నాకు నచ్చాయి. హిల్‌గా వేసిన డేవిడ్ గేల్ గంభీరంగా మాట్లాడతాడు కాబట్టే ఆ తలని నమ్మబుద్ధేస్తుంది. అక్కా, ఇంకో సంగతి కూడా చెప్పాలి. కథ మూడో భాగంలో ఒక నల్లజాతి బాక్సర్‌ని లవ్‌క్రాఫ్ట్ వర్ణించిన తీరు అసహ్యంగా ఉంటుంది. పచ్చి జాత్యహంకారం.

అక్క: అవును, కథ చదవబోయేవాళ్లకి ఆ సంగతి ముందే తెలియాలి. యుజ్నా ఆ ఘట్టం జోలికి వెళ్లలేదు. మంచి పని చేశాడు.

తమ్ముడు: సరే, సంఘటనలు మూలకథవే, ఒప్పుకుంటాను. కానీ లవ్‌క్రాఫ్ట్ అంటే కాస్మిక్ హారర్ కదా, అది వేరుగా? ఈ విశ్వానికి మనిషి అనేవాడు లెక్కే కాదు, మన ప్రేమలూ దేవుళ్లూ దానికి పట్టవు అని తెలిసినప్పుడు పుట్టే భయం అది. ఈ సినిమాలో అదెక్కడ?

అక్క: పెళ్లికూతురిలో ఉంది. కథలో వెస్ట్ హెకెల్ అనే శాస్త్రవేత్త మాట నమ్ముతాడు. ప్రాణం అంటే రసాయన, భౌతిక చర్య, ఆత్మ అనేది కట్టుకథ అని. లవ్‌క్రాఫ్ట్ కూడా భౌతికవాదే. ఇక డాన్‌ని చూడు. గుండె కొట్టుకుంటే అందులో మెగ్ ఉన్నట్టే అనుకుంటాడు. వెస్ట్‌కి అది పంప్ చేసే కండరం. ఒకే గుండెని మధ్యలో పెట్టుకుని ఇద్దరూ పని చేస్తుంటారు, కానీ ఇద్దరూ చేస్తున్నది ఒకే పని కాదు.

తమ్ముడు: తలేమో గ్లోరియాది. డాన్ దగ్గర వైద్యం తీసుకుంటూ చనిపోయిన రోగి. పాదాలు ఒకరివి, చేతులు ఇంకొకరివి.

అక్క: మరి లేచినావిడ ఎవరు? భేతాళ కథల్లో మదనసుందరి కథ గుర్తుందా? గుళ్లో భర్త, అన్న ఇద్దరూ తలలు నరుక్కుని పడి ఉంటారు. దేవి వరమిస్తే ఆమె కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెట్టేస్తుంది. ఇప్పుడు భర్త ఎవరు అని భేతాళుడు అడుగుతాడు.

తమ్ముడు: తల ఎవరిదైతే వాడే అంటాడు విక్రమార్కుడు. శరీరానికి శిరస్సు ప్రధానం అని.

అక్క: అక్కడ ప్రశ్నకి జవాబుంది. రాజు చెప్పగలడు, భేతాళుడు ఒప్పుకుని చెట్టెక్కుతాడు. ఈ సినిమాలో జవాబు చెప్పేవాళ్లే లేరు. తల గ్లోరియాదైనా ఆమె గ్లోరియా కాదు, గుండె మెగ్‌దైనా మెగ్ కాదు. డాన్ నమ్మకం తప్పని తేలుతుంది. అలాగని వెస్ట్ నెగ్గాడా? ఆమె ఉత్త అవయవాల పోగైతే అంత బాధ ఎక్కడిది? తాను ఎవరో తెలియక తల్లడిల్లుతుంది. ఆ బాధ ఎవరిదో చెప్పడానికి ఒక పేరు కూడా లేదు. విశ్వానికి మనిషి పట్టడు అని లవ్‌క్రాఫ్ట్ నక్షత్రాల మధ్య చూపించినదాన్ని యుజ్నా ఒక ఒంట్లో పెట్టి చూపించాడు. ఇది కాస్మిక్ హారర్ కాదంటే నేను ఒప్పుకోను.

తమ్ముడు: పెళ్లికూతురుగా వేసిన కాథ్లీన్ కిన్మంట్ నటన గురించి చెప్పు. ఆ ఒళ్లంతా మేకప్ కింద…

అక్క: ఆమె లేకపోతే ఈ సినిమా లేదు. నిలబడటమే తెలియనట్టు నిలబడుతుంది. ఒక్కో కాలు ఒక్కో మనిషిది అన్నట్టే నడుస్తుంది. డాన్ దగ్గరికి ఆశగా వస్తుంది, డాన్ మాత్రం ఇటాలియన్ జర్నలిస్టు ఫ్రాన్సెస్కా వైపే ఉంటాడు. అప్పుడు తన గుండె తనే పెరికి అతనికి ఇస్తుంది. నీకు కావాల్సింది ఇదేగా అన్నట్టు. తర్వాత ఒళ్లంతా విడిపోతుంది. ఆ సన్నివేశం దగ్గర నాకు భయం కంటే డాన్ మీద కోపం ఎక్కువ వచ్చింది. వెస్ట్ కనీసం అబద్ధం ఆడలేదు. డాన్ ప్రేమ పేరు చెప్పి అన్నిటికీ చేయి కలిపాడు, ఆమె ఎదురుగా నిలబడేసరికి వెనక్కి తగ్గాడు.

తమ్ముడు: నాకు వెస్ట్ మీదే ఎక్కువ కోపం అక్కా. డాన్ బలహీనుడు, అంతే. ఆ బలహీనత చూసి ఎర వేసినవాడిది పెద్ద తప్పు.

అక్క: బలహీనుడైనా డాక్టరే కదరా. గ్లోరియా అతని చేతుల్లోనే పోయింది. ఆమె తల వాడుకుంటున్నారని తెలిసీ ఆగలేదు.

తమ్ముడు: ...అది నిజమే. సరే, టెక్నికల్ విషయాలు. మేకప్, బొమ్మల పని ఒక్కరు చేసింది కాదు. స్క్రీమింగ్ మ్యాడ్ జార్జ్, కేఎన్‌బీ బృందం, స్టాప్ మోషన్‌కి డేవిడ్ అలెన్. వేళ్లకి కనుగుడ్డు అతికించిన చిన్న జీవి ఒకటి ఉంటుంది. వేళ్ల మీదే నడుస్తూ గదంతా తిరుగుతుంది. కంప్యూటర్ బొమ్మ కాదది. స్టాప్ మోషన్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ చేత్తో జరిపి తీస్తారు. అందుకే దానికి బరువుంది, నీడుంది.

అక్క: ఇంత పొగిడాం కాబట్టి లోపం కూడా చెబుదాం. మధ్యలో కథ కిక్కిరిసిపోయింది. పోలీసు ఒక పక్క, హిల్ తల ఒక పక్క, ఫ్రాన్సెస్కా ఒక పక్క. ఫ్రాన్సెస్కాగా వేసిన ఫాబియానా ఉడేనియోకి రాసిన పాత్ర పలచన. పెళ్లికూతురు లేచేసరికి సినిమా చివరికొచ్చేసింది. ఆమె లేచి బతికిన సమయం ఇంకో ఇరవై నిమిషాలు ఉండాల్సింది. పోలీసు కథ సగం కోసేసి ఆ సమయం ఆమెకి ఇచ్చి ఉంటే బాగుండేది.

తమ్ముడు: మూడో భాగం ‘బియాండ్ రీ-యానిమేటర్’ 2003లో వచ్చింది. స్పెయిన్‌లో తీశారు, కథ జైల్లో నడుస్తుంది. అదీ యుజ్నాదే. ముందు ఈ రెండూ చూడండి, అది తర్వాత చూసుకోవచ్చు.

అక్క: మూలకథకి కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఆరు భాగాలూ చదివే ఓపిక లేకపోతే ఐదు, ఆరు చదివి వెంటనే సినిమా పెట్టండి. పెరూ సన్నివేశం రాగానే మీకే తెలుస్తుంది. డాన్‌దా వెస్ట్‌దా ఎక్కువ తప్పు అన్నది మాత్రం మాకు రాసి పంపండి, వీడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

తమ్ముడు: ఒప్పుకోను కూడా. వచ్చే వారం కలుద్దాం.