గ్రీక్ యోగర్ట్ కొనేముందు కప్పును వెనక్కి తిప్పండి

నమస్కారం. ఇప్పుడు తెర మీద మీకు రెండు కప్పులు కనిపిస్తున్నాయి. బ్రాండు పేర్లు కనబడకుండా వాటి మీద తెల్లకాగితం అతికించాను, ఎందుకంటే మనం మాట్లాడుకోబోయేది కంపెనీల గురించి కాదు. రెండింటి మీదా గ్రీక్ యోగర్ట్ అనే రాసి ఉంది. రెండూ మామూలు పెరుగు కంటే బాగా ఖరీదైనవే. అయితే మొదటి కప్పు వెనకవైపు చూస్తే పాలు, తోడు అన్న రెండే పదార్థాలు కనిపిస్తాయి. రెండో కప్పు వెనక మాత్రం పాలు, చక్కెర, పండ్ల గుజ్జు, పాలపొడి, చిక్కదనం కోసం కలిపిన పిండిపదార్థం, సువాసన కోసం కలిపిన మరొకటి, ఇలా జాబితా నాలుగు వరుసల దాకా సాగింది. ఆరోగ్యం కోసం గ్రీక్ యోగర్ట్ తింటున్నామని చెప్పేవారిలో చాలామంది ఇంటికి తెచ్చుకునేది ఈ రెండో కప్పునే.

అసలు గ్రీక్ యోగర్ట్ అంటే నీరు వార్చిన పెరుగు, అంతకు మించి అందులో రహస్యమేమీ లేదు. పాలను కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేసి పెరుగు చేయడం వరకు మన ఇంట్లో జరిగేదీ అక్కడ జరిగేదీ ఒకటే. అన్నానికి గంజి వార్చినట్టు, తోడుకున్న పెరుగు నుంచి తేటనీటిని వార్చేయడం ఒక్కటే అదనపు పని. పూర్వం ఈ పెరుగును గుడ్డ సంచుల్లో పోసి వేలాడదీసేవారు. నేటి పెద్ద కర్మాగారాల్లో వేగంగా తిరిగే యంత్రాలతోనో, అతి సన్నని వడపోత పొరలతోనో ఆ పని చేస్తున్నారు. ఒక కిలో గ్రీక్ యోగర్ట్ తయారు కావడానికి సుమారు మూడు నాలుగు కిలోల పాలు పడతాయి కాబట్టి దాని ధర ఎక్కువగా ఉండటంలో న్యాయం ఉంది. సరిగా నీరు వార్చకుండా పిండీ పాలపొడీ కలిపి గట్టిపరిచిన పెరుగుకు కూడా అంతే ధర చెల్లించడంలో మాత్రం ఏ న్యాయమూ నాకు కనిపించదు.

ఈ పద్ధతి గ్రీసు దేశం ఒక్కదానిదే కూడా కాదు. లెబనాన్‌లో లబ్నె, మహారాష్ట్రలో శ్రీఖండ్ చేయడానికి వాడే చక్కా, ఇవన్నీ నీరు వార్చిన పెరుగులే. గ్రీసులోనే మరో రకం పెరుగు ఉంది: గొర్రెపాలను మట్టిపాత్రల్లో తోడుపెట్టి, పైన మీగడ కట్టనిచ్చి, నీరు వార్చకుండా అమ్ముతారు. కుండపెరుగు రుచి తెలిసిన తెలుగువారికి అది ఇంకా ఎక్కువ నచ్చుతుందని నా ఊహ. ప్రపంచమంతా పాకింది మాత్రం వార్చిన పెరుగే. ఏథెన్స్‌లో 1926లో ఒక చిన్న పాల దుకాణంగా మొదలైన ఫాయె సంస్థ దాన్ని ఐరోపా, అమెరికా దేశాలకు పరిచయం చేసింది. ఆ తరువాత టర్కీ నుంచి అమెరికాకు వెళ్ళిన హమ్దీ ఉలుకాయా అనే వ్యాపారి, న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ ఎడ్మెస్టన్ గ్రామంలో మూతపడిన ఒక పెరుగు కర్మాగారాన్ని 2005లో కొని, 2007 నుంచి చొబానీ పేరుతో అమ్మకాలు మొదలుపెట్టాడు. కొద్ది సంవత్సరాల్లోనే అమెరికా దుకాణాల్లో పెరుగు అరల స్వరూపం మారిపోయింది.

ఈ రెండు సంస్థలూ బ్రిటన్‌లో కోర్టుకెక్కాయి. గ్రీసులో తయారైన పెరుగును మాత్రమే అక్కడ గ్రీక్ యోగర్ట్ అని అమ్మాలని 2013లో హైకోర్టు తీర్పు ఇవ్వగా, మరుసటి సంవత్సరం అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. అందుకే ఇంగ్లండులో స్థిరపడిన మన బంధువుల ఇళ్ళలో డబ్బాల మీద గ్రీక్ స్టైల్ అన్న మాట కనిపిస్తుంది. అలా రాసి ఉన్నదాన్ని నిజంగా వార్చి చేసి ఉండవచ్చు, కేవలం గట్టిపరిచి కూడా ఉండవచ్చు. అమెరికాలోనైతే ఈ పేరుకు చట్టపరమైన నిర్వచనమే లేదు. కాబట్టి ముందువైపు రాసిన పేరు మనకు ఏ హామీ ఇవ్వదు, చదవవలసింది వెనకవైపు.

మొదట పదార్థాల జాబితా చూడండి. పాలు, తోడుకు వాడే బాక్టీరియా, ఈ రెండే ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్, లాక్టోబాసిలస్ బల్గారికస్ అన్న పొడవైన పేర్లు కనిపిస్తే కంగారు పడకండి, పాలను పెరుగు చేసేవి అవే. పిండిపదార్థం, పెక్టిన్, జెలటిన్ వంటివి కనిపిస్తే చిక్కదనంలో కొంత భాగమైనా వాటి వల్ల వచ్చిందని అర్థం. జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. మన దేశంలో శాకాహారానికి పచ్చగుర్తు తప్పనిసరి కాబట్టి గుర్తుపట్టడం తేలిక; అమెరికాలో అటువంటి నిబంధన లేదు గనుక శాకాహారులు అక్కడ ఈ వరుసను తప్పకుండా చదవాలి.

రెండవది ప్రొటీన్. కొవ్వు తీసిన, చక్కెర కలపని గ్రీక్ యోగర్ట్ 100 గ్రాముల్లో సుమారు 10 గ్రాముల ప్రొటీన్, 60 కేలరీల వరకు శక్తి ఉంటాయి. వెన్న తీయని పాలతో చేసినదైతే ప్రొటీన్ 9 గ్రాములు, కొవ్వు 5 గ్రాములు, శక్తి 100 కేలరీలకు కాస్త తక్కువగా ఉంటాయి. మామూలు పెరుగులో ప్రొటీన్ మూడున్నర గ్రాముల దగ్గర ఆగిపోతుంది. అందువల్ల గ్రీక్ యోగర్ట్ అని చెప్పుకుంటూ 100 గ్రాములకు 5 గ్రాముల ప్రొటీనే చూపించే కప్పును అరలోనే వదిలేయడం మంచిది. ధరను ప్రొటీన్ గ్రాములతో భాగించి చూడటం కూడా అలవాటు చేసుకోండి. ఫోను చేతిలోనే ఉంటుంది, లెక్కకు పది సెకన్లు చాలు, ఖరీదైన కప్పు ఎప్పుడు నిజంగా ఖరీదైనదో, చవక కప్పు ఎప్పుడు దండగో అప్పుడే తేలుతుంది.

మూడవది చక్కెర. తికమక పడేది ఇక్కడే. పోషకాల పట్టికలో మొత్తం చక్కెరలు, అదనంగా కలిపిన చక్కెరలు అని రెండు వేర్వేరు వరుసలు ఉంటాయి. ఏమీ కలపని కప్పులో కూడా మొదటి వరుసలో మూడు నాలుగు గ్రాములు కనిపిస్తాయి, అది పాలలో సహజంగా ఉండే లాక్టోజ్. దాన్ని చూసి చక్కెర వేశారని కంపెనీని అనుమానించనక్కరలేదు. చూడవలసింది రెండవ వరుస. ఉదాహరణకు 100 గ్రాములకు 10 గ్రాముల చక్కెర కలిపారనుకుంటే 150 గ్రాముల కప్పు పూర్తయ్యేసరికి 15 గ్రాములు మన కడుపులోకి చేరతాయి. విడిగా కలిపే చక్కెరలు రోజువారీ శక్తిలో 10 శాతానికి మించకూడదనీ, 5 శాతం లోపు, అంటే దాదాపు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క కప్పుతోనే అందులో సగానికి పైగా ఖర్చయిపోతే అది మిఠాయి కిందకు వస్తుంది. మిఠాయి తినడం నేరమేమీ కాదు, దాన్ని మిఠాయి అని తెలిసి తింటే చాలు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పెరుగును గట్టిపరిస్తే కాల్షియం కూడా చిక్కబడుతుందని మనం సహజంగానే అనుకుంటాం. నిజానికి పెరుగు పులిసేకొద్దీ పాల ప్రొటీన్‌కు అంటిపెట్టుకుని ఉన్న కాల్షియం విడివడి తేటనీటిలో కరుగుతుంది, నీరు వార్చినప్పుడు దానితో పాటు వెళ్ళిపోతుంది. అందుకే 100 గ్రాముల గ్రీక్ యోగర్ట్‌లో కాల్షియం సుమారు 110 మిల్లీగ్రాములు ఉంటే, మామూలు పెరుగులో 120 దాకా ఉంటుంది. తేడా పెద్దది కాదు, కానీ ఎముకల కోసమని ఎక్కువ డబ్బు పెట్టి దీన్ని కొంటున్నవారు మామూలు పెరుగుతో హాయిగా సరిపెట్టుకోవచ్చు.

మరి ఈ ప్రొటీన్ మనకు అంత అవసరమా? భారతీయ వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న వయోజనులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. అన్నం ఎక్కువగా, పప్పు పలుచగా తినే ఇంట్లో, మాంసం, గుడ్డు ముట్టని పెద్దవాళ్ళకు ఆ అంకె చేరడం కొంచెం కష్టమే, అటువంటివారికి ఒక 150 గ్రాముల కప్పు నుంచి వచ్చే పదిహేను గ్రాములు చిన్న సాయం కాదు. పప్పు, గుడ్లు, పాలు, చేపలు సమృద్ధిగా తినేవారికి దీని అవసరం పెద్దగా లేదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ప్రొటీన్ పెంచేముందు తమ వైద్యుణ్ణి తప్పక అడగాలి. మధుమేహం విషయానికి వస్తే, వారానికి కనీసం రెండు కొలత కప్పుల యోగర్ట్ తినడం వల్ల రెండో రకం మధుమేహం వచ్చే ముప్పు తగ్గవచ్చని లేబుళ్ళ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 మార్చిలో అనుమతి ఇచ్చింది. అయితే ఆధారాలు పరిమితమైనవేనని కూడా అక్కడే రాయాలని షరతు పెట్టింది. ప్రకటనల్లో మొదటి సగం బాగా వినిపిస్తుంది, రెండవ సగాన్ని మనమే గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం, ఎందుకంటే ఈ వీడియోలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. గిన్నె మీద చిల్లుల పళ్ళెం పెట్టి, దాని మీద తడిపి పిండిన పలుచని నూలుగుడ్డ రెండు మడతలుగా పరిచాను. అందులో ఒక కిలో పెరుగు వేసి, గుడ్డ అంచులు పైకి కప్పి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. గుడ్డను పిండకండి, పిండితే నీటితో పాటు తెల్లటి పెరుగు కూడా దారాల మధ్య నుంచి జారిపోతుంది. మన ఎండాకాలంలో వంటింటి మేకుకు వేలాడదీస్తే వారినంతసేపూ పులుస్తూనే ఉంటుంది, కాబట్టి ఫ్రిజ్ తప్పదు. రాత్రి పెడితే తెల్లవారేసరికి దాదాపు సగం బరువు నీరుగా దిగుతుంది. గిన్నెలో దిగిన ఆ నీటిని ఒకసారి దగ్గరగా చూడండి, లేత పసుపులో ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. ఆ రంగు రైబోఫ్లావిన్ అనే బి2 విటమిన్‌ది. దాన్ని పారబోయకుండా చపాతీ పిండి కలపడానికో, చారులో పులుపుకో వాడుకోవచ్చు. ఇంట్లోనైతే అది ఒక గిన్నెడు. కర్మాగారాల్లో లక్షల లీటర్లు. వాగుల్లోకి వదిలితే నీటిలోని ఆక్సిజన్‌ను హరించి చేపలను చంపుతుంది కనుక దాన్ని పశువుల దాణాకో, పొలాలకో, బయోగ్యాస్‌కో తరలించవలసి వస్తోంది.

ఇంట్లో సగానికి వార్చిన పెరుగులో 100 గ్రాములకు ఆరేడు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఇంకా వార్చితే ఇంకా పెరుగుతుంది. అయితే ఏ పాలు వాడారన్నది చాలా ముఖ్యం. మన ఊళ్ళలో గేదెపాల పెరుగు సహజంగానే గడ్డగా ఉంటుంది, దాన్ని వార్చితే చూడటానికీ తినడానికీ అద్భుతంగా ఉంటుంది కానీ ఆరేడు శాతం ఉన్న కొవ్వు కూడా పన్నెండు, పదమూడుకు చేరుతుంది. బరువు తగ్గాలనుకునేవారు 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాలతోనో, ఒకటిన్నర శాతమే ఉండే డబుల్ టోన్డ్ పాలతోనో తోడుపెట్టుకోవడం మేలు.

ఇక తినడం. గ్రీసులో దీని మీద తేనె పోసి అక్రోటు ముక్కలు చల్లుకుంటారు. రుచిలో దానికి సాటి లేదు, కాకపోతే తేనె కూడా చక్కెర లెక్కలోకే వస్తుందనీ, ఒక చిన్న చెంచాలో దాదాపు 6 గ్రాములు ఉంటాయనీ గుర్తుంచుకోవాలి. మన దగ్గర దొరికే జామ, బొప్పాయి, దానిమ్మ ముక్కలు కలిపితే తీపి కొరత తీరిపోతుంది. వాళ్ళే చేసే జత్సికీ అనే వంటకం చూస్తే మన పెరుగు పచ్చడికి దగ్గరి చుట్టమనిపిస్తుంది: కీరదోసను తురిమి, ఉప్పు వేసి, ఊరిన నీటిని గట్టిగా పిండేసి, చిక్కటి పెరుగు, దంచిన వెల్లుల్లి, ఆలివ్ నూనె కలుపుతారు. ఆ పిండేసే పద్ధతిని మనం అరువు తెచ్చుకుని, ఆలివ్ నూనె బదులు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే చపాతీలోకి నంజుకోవడానికి ఎంత బాగుంటుందో చేసి చూడండి. తాలింపు కాస్త చల్లారాక కలపండి, మరీ వేడిగా వేస్తే పెరుగులో బతికి ఉన్న మేలుచేసే బాక్టీరియా కొంత చచ్చిపోతుంది. పెరుగన్నానికి మాత్రం గ్రీక్ యోగర్ట్ వాడకండి. డబ్బు పెట్టి నీరు వార్పించుకుని, అన్నం గట్టిగా ఉందని మళ్ళీ అందులో నీళ్ళు పోసుకోవడంలో అర్థం లేదు. మజ్జిగ సంగతీ అంతే.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు దీనితో ఇంకో ఉపయోగం ఉంది. చక్కెర కలపని, సజీవ బాక్టీరియా ఉందని రాసిన కప్పు నుంచి ఒక చెంచా తీసి గోరువెచ్చని పాలలో కలిపితే చక్కగా తోడుకుంటుంది. చలికాలంలో ఆ గిన్నెను దీపం మాత్రం వెలిగించిన ఓవెన్‌లో పెడితే పొద్దుటికి పెరుగు సిద్ధం. తోడుకున్న తరువాత వేడిచేసిన రకమని లేబుల్ మీద ఉంటే మాత్రం పని జరగదు.

కప్పు తెరిచిన మరునాడు పైన కొద్దిగా నీరు తేలితే పాడైందని పారేయకండి, అది మిగిలిన తేటే, కలుపుకుని తినవచ్చు. తడి చెంచా పెట్టకుండా, మూత వేసి, నాలుగైదు రోజుల్లో ముగించండి. పైన చుక్కంత బూజు కనిపించినా ఆ భాగం తీసేసి మిగతాది తినే ప్రయత్నం చేయకుండా కప్పు మొత్తం పారేయండి.