తూర్పు కనుమల్లో మునిగిపోయిన సముద్రం

అందరికీ నమస్కారం. మన బంజారాహిల్స్ గుండ్రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. రాత్రి రైలెక్కి తెల్లారి విశాఖలో దిగి కైలాసగిరి ఎక్కితే అక్కడి రాయి జాతే వేరు. ఒంటినిండా చారలు, తుప్పు మరకలు, మధ్యలో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజపు గింజలు. దాని పేరు ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో భూగర్భ శాస్త్రవేత్త వాకర్ పెట్టిన పేరది.

ఒకప్పుడు అది సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. సముద్రపు పలక పక్క పలక కిందికి దిగిపోతూ ఉంటే సముద్రం ఇరుకవుతుంది. చివరికి ఖండాలు ఒరుసుకుని, మధ్యలోని మట్టి 25-30 కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి, అక్కడి వేడికి, ఒత్తిడికి ఖొండలైట్‌గా మారుతుంది. దిగిపోయిన పలక మళ్లీ కనబడదు. తునకలు మాత్రం అక్కడక్కడా మిగులుతాయి. నెల్లూరు జిల్లా కండ్ర దగ్గర సుమారు 185 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు అలాంటి తునకే. విశాఖ వైపు ఖండాలు ఢీకొన్నది దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట. ఈ రెంటినీ ఒకే సంఘటనగా చెప్పేవాళ్లున్నారు, అది పొరపాటు.

అసలు చిక్కు వేడి దగ్గర ఉంది. పాడేరు రాళ్లలో సఫిరిన్, క్వార్ట్జ్ అనే ఖనిజాలు పక్కపక్కనే ఉన్నాయి. 900 డిగ్రీలు దాటితే తప్ప ఆ జోడీ కుదరదు. కిందికి దిగే పలకేమో చల్లనిది. కాబట్టి ఆ వేడి, పలక దిగేచోట పైన లేచే అగ్నిపర్వతాల వరుస వెనుక, సాగి పలచబడిన నేల నుంచి వచ్చిందనే వైపే నా మొగ్గు.

ఢీకొన్న అవతలి ఖండం ఇప్పుడు అంటార్కిటికాలో ఉంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. మన తూర్పు తీరం ఆ చీలిక అంచే. అందుకే తూర్పు కనుమల్లోని అర్మకొండ 1,680 మీటర్ల ఎత్తు చూసి పాత పర్వతాన్ని ఊహించకండి. అది ఎప్పుడో అరిగిపోయింది, మనం నిలబడేది దాని వేళ్ల మీద.

చూడాలంటే అనంతగిరి ఘాట్ రోడ్డు కోతలు మేలు. పైపై రాయిని నమ్మొద్దు. ఫెల్‌స్పార్ అనే ఖనిజం తెల్ల సుద్దగా మారి, గార్నెట్ తుప్పు పట్టి, ఖొండలైట్ అచ్చం ఇసుకరాయిలా కనిపిస్తుంది. రాలిపడిన ముక్కను పగలగొట్టి, 10 రెట్ల లెన్సుతో తాజా ముఖం చూడండి. తెల్లటి సూదుల్లాంటి సిల్లిమనైట్ అనే ఖనిజం ఉందంటే అది ఖొండలైటే. నూనె రాసినట్టు ముదురు రంగులో మెరిసేది చార్నొకైట్ అనే మరో రాయి. దాన్ని డోలరైట్ అనే నల్లరాయి అనుకుంటారు గానీ, డోలరైట్ సాధారణంగా సన్నటి గోడలా సాగుతుంది, చార్నొకైట్ కొండంతా పరుచుకుంటుంది.

కొండ ఎక్కలేనివాళ్లు భీమిలి ఒడ్డున తడి ఇసుకలో గులాబీ చార వెతకండి. అది కొండల నుంచి కొట్టుకొచ్చిన గార్నెట్.